మార్పు బిళ్ళ

ఆసుపత్రిలో నేను బట్టల గది చూసేదాన్ని. దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గది గుడ్డలు, ఆయాలు కట్టుకునే ఆకుపచ్చ అంచు తెల్లచీరలు, అన్నీ నా చేతి మీదుగా వార్డులకు వెళ్ళి, చాకలి ఉతికి తెచ్చాక మళ్ళీ నా చేతికే వచ్చేవి. గది ఇరుకే గాని ఉత్తరం వైపు ఒక కిటికీ ఉండేది. అందులోంచి స్వామి ఉన్న కొండ కనిపించేది. పొద్దున తాళం తీయగానే ముందు అటు తిరిగి ఒక దణ్ణం పెట్టుకునేదాన్ని. బడి గడప తొక్కని నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పిన నాయనకు, ఆ ఇంటి చదువే చాలునని నన్ను పనిలో పెట్టుకున్న ఒకప్పటి డాక్టరమ్మకు, మరకల దుప్పటిని మల్లెపువ్వులా చేసి తెచ్చే చాకలికి కూడా ఆ దణ్ణంలోనే తలా ఒక వాటా వేసేదాన్ని.

ఇంత తేలిగ్గా దణ్ణం పెట్టే మనిషిని నేను. అయినా ఎనభైల మొదట్లో మాకు మార్పు నేర్పడానికి పట్నం నుంచి దిగిన పెద్దమనిషి విషయంలో మాత్రం నాకు చేతులు కలవడానికి చాలా కాలం పట్టింది.

ఆ మార్పు ఏమిటో ముందు చెబుతాను. పాత వార్డుల వెనక కొత్త కట్టడం లేచింది. తిరుపతిలో ఇంత నున్నటి గచ్చు ఇంకెక్కడా లేదని చూడవచ్చినవాళ్ళు అనేవాళ్ళు. అంత నున్నటి గచ్చు మీద చాపలు పరుచుకుని, సంగటి గిన్నెలు పెట్టుకుని జనం పడుకుంటే ఎట్లా అని పైవాళ్ళకు దిగులు పుట్టింది. అందుకని కొత్త కట్టడంలోకి వెళ్ళిన రోజు నుంచి రోగికి తోడు ఎవరూ ఉండకూడదని నిర్ణయించారు. ఇంటివాళ్ళు సాయంత్రం ఒక్క గంట వచ్చి చూసి వెళ్ళాలి. మిగతాదంతా నర్సులు, ఆయాలు చూసుకుంటారు. దీనికి మమ్మల్ని సిద్ధం చేయాలట. మనుషులు సరిపోరు, ఇంకొంతమందిని వెయ్యండి అని మా వార్డు సిస్టరమ్మ అడిగితే, మనుషుల్ని వెయ్యలేదు. ఉన్న మనుషులకు పాఠాలు చెప్పించారు.

మా ఆడవాళ్ళ ఎముకల వార్డును కాగితం మీద నడిపేది సిస్టరమ్మ, ఆయాలు. నిజంగా నడిపేది తోడున్నవాళ్ళు. ప్రతి మంచం కింద ఒక చాప, చాప పక్కన ఒక చొంబు, ఒక మూట, ఒక తల్లో అత్తో చెల్లెలో ఉండేవాళ్ళు. గ్లూకోజు సీసా అడుగంటుతుంటే మొదటి కేక ఏ కోడలికో తోడున్న అత్తది. గంజి తాగించేది, లేవలేనివాళ్ళకు మంచంలోనే ఒంటికీ రెంటికీ పాన్ పెట్టేది, జడ వేసేది వాళ్ళే. ఒకామె స్నానానికి పోతే పక్క మంచం ఆమె రెండు మంచాలూ చూసేది. వాళ్ళలో రెడ్ల ఇంటి ముసలమ్మకు మాలపల్లె పడుచు తల దువ్వుతుండగా నేను చూశాను. ఊరికి పోయాక ఆ తల ఆ చేతిని రానిస్తుందో లేదో నాకు తెలియదు గాని, వార్డులో రానిచ్చింది. మా ఆయాలు మాత్రం తుడుపు పని కాగానే వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చుని, తోడున్నవాళ్ళకు పనులు పురమాయించేవాళ్ళు. అంతమంది ఆడవాళ్ళు జీతం లేకుండా మోస్తున్న వార్డు అది. వాళ్ళను తీసేస్తే వార్డు బాగుపడుతుందని కనిపెట్టినవాడికి ఎక్కడ చదువు చెప్పారో ఆ దేవుడికే తెలియాలి.

గోడ పక్క మంచంలో నగరి తట్టు నేతపని వాళ్ళ పాప ఉండేది. మిద్దె మీద నూలు ఆరవేస్తూ జారిపడి తొడ ఎముక విరిగింది. కాలికి కట్టు వేసి, మంచం చివర గిలక మీదుగా బరువు వేలాడదీశారు. అటు తిరగడానికి లేదు, ఇటు తిరగడానికి లేదు. నెలల తరబడి అట్లాగే ఉండాలి. దానికి తోడు ఆ పాపకు పుట్టుక నుంచీ మాట లేదు. బొటనవేలు పెదవికి ఆనిస్తే దాహమని, చెవి పట్టుకుంటే పాన్ కావాలని వాళ్ళమ్మకే తెలుసు. రాత్రిపూట వాళ్ళమ్మ నూలు పోగులు పేని చేసిన దారం ఒక కొస పాప మణికట్టుకు, ఇంకో కొస తన మణికట్టుకు కట్టుకుని మంచం కింద పడుకునేది. పాప లాగితే ఆమె లేచేది.

తోడు ఎత్తేస్తారన్న మాట వార్డులో పొక్కిన పొద్దున ఆమె బట్టల గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అక్కా, మమ్మల్నంతా గేటు బయటికి పంపించేస్తారంట గదా. నిజమేనా?"

"అట్లనే చెప్తా ఉండారు."

"పాప పిలవలేదు గదక్కా. పిలవలేని బిడ్డను ఇడిసిపెట్టి నేను గేటు కాడ ఎట్ల కూసోవాల?"

"సిస్టరమ్మను అడిగితివా?"

"అడిగినా. ఆయమ్మ కండ్లల్లో నీళ్ళు పెట్టుకునింది. ఆయమ్మే యేడిస్తే నేనింక ఎవుర్ని అడిగేది?"

శిక్షణకు నన్నూ పిలిచారు గనక, అక్కడ అడుగుతానని మాట ఇచ్చాను. పెద్ద చదువులు చదివి, రైలు దిగి వచ్చినవాడు. ఇంత చిన్న సంగతికి దారి చూపలేడా అని నిజంగానే అనుకున్నాను.

నర్సుల బడి హాల్లో కుర్చీలు గుండ్రంగా వేశారు. వచ్చినాయనకు చిన్న గడ్డం ఉండేది, మెడలో బట్ట సంచి ఉండేది. మా ఆయాలు ఆయనకు వెంటనే గడ్డం సారు అని పేరు పెట్టేశారు. ముందు పెద్దడాక్టరు వచ్చి దీపం వెలిగించి, మార్పు మన అందరి బాధ్యత అని చెప్పి, కారెక్కి వెళ్ళిపోయాడు. ఆ గుండ్రంలో ఒక్క డాక్టరూ కూర్చోలేదు. మార్పు ఎప్పుడూ తనకంటే కింద ఉన్నవాడికే కావాలి గదా.

ఆయాలు కుర్చీలు చూసి నేల మీద కూర్చున్నారు.

"కింద ఎందుకమ్మా? ఇక్కడ పెద్దా చిన్నా లేదు. మనమంతా ఒకే కుటుంబం. పైన కూర్చోండి" అన్నాడు గడ్డం సారు.

మా వార్డులో నోరున్న ఆయా ఒకతె ఉండేది. "కుటుంబమైతే కిందనే గద సారూ కూర్చునేది? కుర్చీలేసుకోని ఎవురింట్లో అన్నం తింటారు?" అంది.

ఆయన నవ్వాడు. ఆ నవ్వు కూడా నేర్చుకున్న నవ్వే. తరువాత కళ్ళు మూసుకోమన్నాడు. మార్పు అనగానే మీ మనసులో ఏ రంగు కనిపిస్తోందో ఒక్కొక్కరే చెప్పమన్నాడు. పసుపు అని ఒకరు, ఆకుపచ్చ అని ఒకరు చెప్పారు. నోరున్న ఆయా వంతు వచ్చింది.

"కాఫీ రంగు సారూ."

"చాలా బాగుంది. ఎందుకలా అనిపించింది?"

"పొద్దన్నుంచి ఇంకా కాఫీ ఇయ్యలేదు సారూ."

అది కూడా ఆయన పెద్ద కాగితం మీద రాసుకున్నాడు. ఏం చెప్పినా రాసుకునే మనిషి ఏదీ వినడని ఆ రోజు నాకు తెలిసింది.

ఆ తరువాత గంతలాట. ఇద్దరిద్దరిని జతలు చేసి, ఒకరి కళ్ళకు గుడ్డ కట్టి, రెండోవారిని చెయ్యి పట్టుకుని నడిపించమన్నాడు. దానివల్ల ఒకరి మీద ఒకరికి నమ్మకం పెరుగుతుందట. పసిబిడ్డల్నీ శవాల్నీ కలిసి మోసినవాళ్ళం, మాకు ఒకరి మీద ఒకరికి నమ్మకం గుడ్డ కడితే గాని రాదట. కట్టిన గుడ్డలు కూడా నా బట్టల గదివే. నన్ను నడిపించింది ఆ నోరున్న ఆయానే.

"అమ్మా, మెల్లిగా. ఈడ గడప ఉండాది, కాలెత్తు."

నేను కాలెత్తాను. గడప తగల్లేదు.

"యాడే గడప?"

"లేదులేమ్మా. నమ్ముతావో లేదోనని సూసినా."

ఆ వయసులో నేను గాల్లో కాలెత్తి నిలబడితే హాలంతా నవ్వింది. గడ్డం సారు కూడా నవ్వి, చూశారా ఎంత దగ్గరయ్యారో అన్నాడు.

చివర్లో ఎవరికైనా సందేహాలు ఉంటే అడగమన్నాడు. ఎవరూ లేవలేదు. నేను లేచాను.

"సారూ, మా వార్డులో మాట రాని పాప ఒకతుండాది. కాలు గిలకకు కట్టుండారు. కదల్లేదు, పిలవలేదు. వాళ్ళమ్మను బయటికి పంపిస్తే ఆ పాపకు దాహమైతే ఎవురికి తెలస్తాది?"

"వెరీ గుడ్" అన్నాడాయన. "అందరూ చూడండి. మార్పు వస్తుందంటే మనిషిలో మొదట కలిగేది ఇదే." కాగితం మీద 'భయం' అని పెద్ద అక్షరాలు రాసి, చుట్టూ సున్నా చుట్టాడు.

నేను అడిగింది దాహం గురించి. ఆయన రాసుకుంది భయం.

"కొత్త బిల్డింగులో ప్రతి మంచానికీ కాలింగ్ బెల్లు ఉంటుందమ్మా. మీరేం కంగారు పడకండి" అని కూడా అన్నాడు. ఆ మాట పాప తల్లికి వెళ్ళి చెప్పాను. ఆమె, "బెల్లు కొడితే ఎవురో ఒకరు వస్తారు సరే. పాప చెవి పట్టుకుంటే వచ్చినోళ్ళకు ఏమర్థమైతాది?" అంది. దానికి జవాబు ఉందేమోనని తెల్లవారి కిటికీ దగ్గర కొండను అడిగాను. గడ్డం సారును మళ్ళీ అడగాలనిపించలేదు.

మేమంతా శిక్షణలో రంగులు చెప్పుకుంటున్నంతసేపూ వార్డు నడవనే నడిచింది. తోడున్నవాళ్ళే నడిపారు. తిరిగి వచ్చేసరికి మంచాలన్నీ సర్ది ఉన్నాయి, పాన్లు కడిగి బోర్లించి ఉన్నాయి. "మీరు లేకుంటే వార్డు ఎంత నెమ్మదిగా ఉండాదే!" అని సిస్టరమ్మ ఆయాల్ని ఎత్తిపొడిచింది. వాళ్ళను బయటికి పంపే విద్య మేము నేర్చుకోవాలన్నా, వాళ్ళు లోపల ఉంటే తప్ప కుదరలేదు. ఈ సంగతి ఆసుపత్రిలో ఊడ్చేవాళ్ళ నుంచి అందరికీ కనిపించింది. పాఠం చెప్పేవాడికీ, చెప్పించేవాడికీ కనిపించలేదు.

రెండో జట్టు శిక్షణ బ్రహ్మోత్సవాల్లో పెట్టారు. తిరుపతిలో పెళ్ళికి గాని పంచాయితీకి గాని రోజు పెట్టుకోవాలంటే, ముందు కొండ మీద ఏముందో చూసుకుంటారు. పట్నంలో కూర్చుని పెట్టేవాళ్ళకు క్యాలెండరు ఉంటుంది గాని కొండ ఉండదు. ఉత్సవాలకు మా ఆయాల్లో సగం మందిని పైన డ్యూటీకి పంపేశారు. మిగిలినవాళ్ళలో కొందరు గరుడసేవ చూడాలని వాళ్ళంతట వాళ్ళే పోయారు. పొద్దున గడ్డం సారు మనిషి వార్డుకు వచ్చి, గుండ్రంలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయని, కుర్చీ ఖాళీగా ఉంటే ఆయన మొదలుపెట్టడని చెప్పిపోయాడు. ఖాళీ కుర్చీ అంటే మార్పును కాదన్నట్టేనట.

సిస్టరమ్మ నా గదిలోకి వచ్చింది. ఆమె మృదువైన మనిషి. పూతలపట్టు దగ్గర పల్లెలో చర్చి పక్కన పుట్టి పెరిగిందట. ఎవరికి ఇంజెక్షన్ ఇచ్చినా ముందు పెదవి లోపల ఒక స్తోత్రం చెప్పుకునేది. ఆమె యేసయ్య, నా స్వామి మా ఇద్దరి మధ్య ఎప్పుడూ తగువు పెట్టలేదు.

"ఆయా చీరలు ఉతికినవి ఉండాయా అక్కా?"

"ఉండాయమ్మా. ఎందుకు?"

"ఆయనకు కావాల్సింది కుర్చీలో మనుషులు. మన కాడ ఉండేది తోడు వచ్చినోళ్ళు. కట్టించి పంపుదాం. ఎవురు సూడొచ్చినారు?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. అలిసిపోయి ఉంది. చీరలు తీసి ఇచ్చాను. రమ్మంటే ఆడవాళ్ళు సిగ్గుపడి వెనక్కి తగ్గారు గాని, పాప తల్లి తనంతట తానే ముందుకు వచ్చింది.

"సిస్టరమ్మా, ఆడ పాసైనోళ్ళను లోపల ఉండనిస్తారా?"

సిస్టరమ్మ నా వైపు చూసింది. నేను చీర మడత వైపు చూశాను.

"పోయి కూసో. యేసయ్య సూసుకుంటాడు" అంది సిస్టరమ్మ.

పాప తల్లి నా వైపు తిరిగింది. "స్వామి ఉండాడు, పో" అన్నాను నేను. దారం కొస పక్క మంచం ముసలమ్మ మణికట్టుకు కట్టి, పాప నుదురు తడిమి, ఆమె ఆకుపచ్చ అంచు చీర కట్టుకుంది. ఆ చీరలో ఆమె మా ఆయాలందరికంటే ఆయాలా కనిపించింది. కుర్చీలు ఇంకా నిండలేదు గనక, ఒకసారి నేర్చుకున్న మార్పును మళ్ళీ నేర్చుకోవడానికి నన్నూ, నోరున్న ఆయానూ కూడా పంపారు. ఇద్దరం అంతకుముందు కూర్చున్నవాళ్ళమేనని గడ్డం సారు గుర్తుపట్టలేదు.

ఆ రోజు ఆయన నాటకం ఆడించాడు. ఒకరు తోడు వచ్చిన తల్లి కావాలి, బయటికి పొమ్మంటే పోనని మొండికేయాలి. ఇంకొకరు ఆయా కావాలి, కోపం రాకుండా, మెత్తబడకుండా ఆమెను బయటికి పంపాలి. నోరున్న ఆయా వెంటనే లేచి తల్లి వేషం కట్టింది. నేల మీద చతికిలబడి, గుండెలు బాదుకుంటూ, "నేను పోనబ్బా! నా బిడ్డను ఇడిసి నేను పోను! నన్ను సంపినా పోను!" అని రాగం తీసింది. హాలు పడీ పడీ నవ్వింది.

"ఆయా ఎవరు? మీరు రండి" అని గడ్డం సారు వేలు చూపింది పాప తల్లిని.

నేను లేచి, వద్దు సారూ, ఆమెకు ఒంట్లో బాగలేదు అన్నాను. "ప్రతి ఒక్కరూ పాల్గొనాలమ్మా" అన్నాడు ఆయన. అప్పటికే ఆమె లేచి నిలబడింది. కొంగు నడుముకు దోపుకుంది. కింద ఏడుస్తున్న ఆయాను కాసేపు చూసింది.

"మీరు ఆయా. గట్టిగా చెప్పండి. మీ వల్ల అవుతుంది" అన్నాడు గడ్డం సారు.

అప్పుడు మొదలుపెట్టింది.

"లెయ్యి. చాప చుట్టు. ఎన్ని దినాలు ఈడ పడుకుంటావు? గచ్చంతా పాడు సేస్తా ఉండావు. నీ బిడ్డకేం కాదులే, మేముండాం గదా. నీళ్ళడిగితే నీళ్ళిస్తాం. అడగలేకుంటే..." ఇక్కడ నడుము దగ్గర కొంగు ఇంకోసారి బిగించుకుంది. "అడగలేకుంటే మేమే సూసి ఇస్తాం. నువ్వుండి ఏం సేస్తావు? యేడస్తావు. అది గేటు బయట కూసోని యేడువు. పో. పిలిస్తే రా. పిలవకుంటే రావద్దు. పో మే, పో!"

నోరున్న ఆయా ఏడుపు నాటకం మధ్యలోనే ఆగిపోయింది. లేని చాపను చుట్టుకున్నట్టు చేతులు ముడుచుకుని, లేచి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఆమె నోరు మూతపడటం నేను చూడటం అదే మొదలు. హాల్లో ఎవరికీ నవ్వు రాలేదు.

గడ్డం సారు ఒక్కడే చప్పట్లు కొట్టాడు. "ఇదీ! ఇదీ నాకు కావలసింది. దయ ఉంది, గట్టితనం ఉంది" అన్నాడు. బట్ట సంచిలోంచి ఒక పసుపుపచ్చ బిళ్ళ తీశాడు. అట్టతో చేసిందే, వెనక పిన్నీసు ఉంది. దాని మీద 'మార్పుకు నేను సిద్ధం' అని అచ్చు వేసి ఉంది. జట్టుకు ఒక్కటే ఇస్తాడట. ఆమె కొంగుకు గుచ్చుకోమన్నాడు. ఆమె రెండు చేతులా అందుకుని, ప్రసాదంలా కళ్ళకద్దుకుంది.

బయటికి వచ్చాక నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, పాసైనట్టేనా?"

"పాసైనావు" అన్నాను.

కొత్త కట్టడంలోకి మారిన రోజు పొద్దున్నే వాచ్‌మన్లు వచ్చి చాపలు లేపారు. మూటలు, చొంబులు, గిన్నెలు అన్నీ గేటు బయటికి చేరాయి. తల్లులు గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డారు. లోపల నున్నటి గచ్చు మెరిసింది. ప్రతి మంచం తలాపునా కాలింగ్ బెల్లు ఉండనే ఉంది, తీగ మాత్రం గోడలోంచి బయటికి వేలాడుతోంది. కరెంటు మనిషిని అడిగితే కనెక్షన్ రావాల్సి ఉందన్నాడు. కాస్త పొద్దెక్కేసరికి ఏ మంచం నుంచి విన్నా 'అమ్మా' అనే పిలుపే. మా ఆయాలు నిజంగానే పరిగెత్తారు, ఆ మాట చెప్పకపోతే పాపం. నోరున్న ఆయా చెమటలు కారుతూ పాన్లు మోసింది. కాని ఎంతమందికని అందుతారు? పక్క మంచం ముసలమ్మ పాన్ అడిగి అడిగి దుప్పటి తడుపుకుని, ముఖం గోడకు తిప్పుకుని పడుకుంది. ఆ దుప్పటి నా చేతికే వచ్చింది.

పాప తల్లి మాత్రం ఆయాల వరసలో, ఆకుపచ్చ అంచు చీరలో, కొంగుకు పసుపు బిళ్ళతో లోపలికి నడిచి వచ్చింది. చీర ఇప్పుడే విప్పొద్దు అని సిస్టరమ్మ ముందుగానే చెప్పి ఉంచింది. వాచ్‌మన్ బిళ్ళ చూసి పక్కకు తప్పుకున్నాడు. ఆమె తిన్నగా పాప దగ్గరికి వెళ్ళి, దారం కొస తన మణికట్టుకు కట్టుకుని, ఆ మంచానికీ చుట్టుపక్కల మంచాలకూ కూడా పని చేయసాగింది. పాప లాగితే మాత్రం అన్నీ వదిలి వచ్చేది.

పెద్దడాక్టరు, ఆయన వెనక గడ్డం సారు, వాళ్ళ వెనక ఫోటోలు తీసే మనిషి, మార్పు చూడటానికి వచ్చారు. సరిగ్గా గోడ పక్క మంచం దగ్గర పెద్దడాక్టరు ఆగాడు.

"ఏమిటీ దారం? ఈమె ఎవరు?"

సిస్టరమ్మ పెదవి కదిలింది. అబద్ధం రాని మనిషి. నిజం చెప్పేస్తుందని నాకు తెలుసు, చెబితే ఆ తల్లి గేటు బయటే. చేతిలోని దుప్పట్ల కట్ట గుండెకు అదుముకుని, స్వామీ అనుకున్నాను.

గడ్డం సారు ముందుకు వచ్చాడు. బిళ్ళ చూశాడు, ముఖం చూశాడు, పొంగిపోయాడు.

"ఈమే సార్ నేను చెప్పింది! రెండో బ్యాచిలో అందరికంటే బెస్టు. తోడున్నవాళ్ళను ఎలా బయటికి పంపాలో ఈమె చేసి చూపించింది సార్."

"సరే, ఈ దారం ఏమిటి?"

గడ్డం సారుకు తెలియదు. అయినా "బెల్లు పనిచేయని చోట సిబ్బంది తమంతట తామే దారి వెతుక్కోవడం సార్. మా ట్రైనింగులో ముఖ్యంగా చెప్పేది ఇదే" అన్నాడు.

పెద్దడాక్టరు తల ఊపాడు. ఆ దారం కనిపించేటట్టు ఫోటో తీయించుకున్నారు. పాప బొటనవేలు పెదవికి ఆనించింది. వాళ్ళెవరికీ అర్థం కాలేదు. వాళ్ళమ్మ వాళ్ళ మధ్య నుంచి వంగి నీళ్ళు తాగించింది. అంతే. ఆ తరువాత ఆమెను బయటికి పొమ్మనడానికి ఆసుపత్రిలో ఎవరికీ అధికారం లేకపోయింది.

మార్పు నెల కూడా నిలవలేదు. ముసలమ్మల వీపులు పుండ్లు పడ్డాయి, కోపాలు పెరిగాయి, ఎవరో పెద్దింటివాళ్ళ ఆడమనిషి వార్డులో చేరి ఆమెకు తోడు కావాల్సి వచ్చింది. పెద్దింటివాళ్ళ చాప ఒకటి లోపలికి రాగానే మిగతా చాపలూ మెల్లగా వచ్చాయి. వాటిని రావద్దన్నవాళ్ళు లేరు, రమ్మన్నవాళ్ళూ లేరు. బెల్లుల తీగలు నేను పని మానుకునే దాకా అట్లాగే వేలాడాయి. గడ్డం సారు ఎప్పుడో ఇంకో ఊరికి మార్పు నేర్పడానికి పోయాడు.

బరువు తీసేశాక పాప కర్ర పట్టుకుని వరండాలో నడవడం మొదలుపెట్టింది. ఇంటికి పోయే రోజు వాళ్ళమ్మ ఆకుపచ్చ అంచు చీర ఉతికి, గంజి పెట్టి, మడత పెట్టి తెచ్చి ఇచ్చింది. మా చాకలి కూడా అంత బాగా మడత పెట్టడు.

"చీర ఇదిగో అక్కా. బిళ్ళ మాత్రం ఇయ్యను."

"దాన్నేం చేసుకుంటావే?"

"కొండకు మొక్కుకోనుండా. ఇప్పుడు పైకే పోతా ఉండాం. పాప తలనీలాలిచ్చి, బిళ్ళ హుండీలో ఏస్తా."

"స్వామికెందుకే ఆ అట్టముక్క?"

ఆమె నన్ను వింతగా చూసింది. "నన్ను పాప కాడ నిలబెట్టింది అదే గదక్కా. అది ఆయప్ప పని గాకుంటే ఇంకెవురి పని? ఆ సారు పనంటావా?"

అనలేదు. హుండీ సొమ్ము వేరుచేసేవాళ్ళు దాన్ని ఏరి పక్కన పెట్టి, స్వామి దేనికి సిద్ధంగా ఉన్నాడని అనుకున్నారో ఏమో. నేను మాత్రం కిటికీ వైపు తిరిగి ఆ రోజు దణ్ణంలో గడ్డం సారుకూ ఒక వాటా వేశాను. కన్నతల్లికీ ఆయాకూ తేడా తెలియని కళ్ళు ఆయనకు ఉన్నందుకు. చాలా చిన్న వాటా.

నేను తిరిగి చూసేసరికి ఆమె ఇంకా గుమ్మంలోనే ఉంది, ఇంకా ఏదో చెప్పాలని. ఇంతలో ఆమె మణికట్టు ఒక్కసారిగా బయటికి సాగింది. వరండాలో కర్ర మీద నిలబడిన పాప దారం లాగుతోంది, ఇంకో చేత్తో రోడ్డు వైపు చూపిస్తోంది. బస్సు వచ్చినట్టుంది.

"వస్తా ఉండానే, వస్తా ఉండా" అంటూ ఆమె పరిగెత్తింది.